ఊపిరి దగ్గర కోసిన పాట

శబ్దం పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న, ఏ మైకు కొనాలి అని. ఏదో ఒకటి కొనుక్కోండి. ముప్పై ఏళ్లకు పైగా ఒక రేడియో కేంద్రంలో ఈ పని చేసి చెబుతున్నాను, మైకు వల్ల చెడిన రికార్డింగు నేను ఒక్కటీ చూడలేదు. మనిషి వల్ల చెడినవి చాలా చూశాను. అందులో ఒకటి నా చేతుల్లోనే చెడింది. నేను రాయదలచుకున్నది దాని గురించి. నా ప్రమోషన్లు, బదిలీలు ఎవరికీ అక్కర్లేదు, నాకే సరిగా గుర్తు లేవు.

ఈ పని అంటే వినడం అనుకుంటారు. నిజానికి ఇది తీసెయ్యడం. మా రోజుల్లో శబ్దం గోధుమరంగు టేపు మీద ఉండేది. అక్కర్లేని చోట బ్లేడుతో ఏటవాలుగా కోసి, రెండు కొసలూ దగ్గరికి తెచ్చి అతికించేవాళ్లం. ఇప్పుడు మీరు కంప్యూటరులో చేసేదీ అదే. కాకపోతే మీరు తీసేసింది కావాలంటే మళ్లీ తెచ్చుకోవచ్చు. మేము కోసిన ముక్క నేల మీద పడేది. టేపుకు కరువు కాబట్టి ఆ ముక్కలన్నీ ఏరి, చెరిపి, వరసగా అతికించి మళ్లీ వాడేవాళ్లం.

కొత్తలో నాకు కోయడమంటే మహా సరదా. ఒకసారి ఆవుల గురించి మాట్లాడిన ఒక రైతు ఇంటర్వ్యూలో ఆయన మాటకు ముందు తీసే దీర్ఘాలు, దగ్గులు, నసుగుళ్లు అన్నీ తీసేశాను. కార్యక్రమం గడగడా నీళ్లలా పోయింది. నాలుగు రోజులకు ఆయన భార్య కేంద్రానికి వచ్చింది. అంతా బాగుంది గానీ ఆ మాట్లాడింది మా ఆయన కాదు అంది. నేను నవ్వాను. మా అధికారి రాఘవయ్య గారు నవ్వలేదు. నన్ను కూర్చోబెట్టి, మనిషి మాటల్లోనే కాదు, మాటకూ మాటకూ మధ్య కూడా ఉంటాడని చెప్పారు. ఊపిరి మీద మాత్రం ఎప్పుడూ బ్లేడు పెట్టొద్దన్నారు. పీల్చిన ఊపిరి తర్వాత ఏదో ఒకటి రావాలి, రాకపోతే వినేవాడికి తెలిసిపోతుందన్నారు. కళ్లు మూసుకుని వినే అధికారి దొరకడం అదృష్టం. ఆ అదృష్టం నాకు అప్పట్లో చాదస్తంలా కనిపించింది.

గట్టు చరణం

నలభై ఏళ్ల కిందటి మాట. పలమనేరు వైపు ఒక పల్లెలో నాట్లు వేసే ఆడవాళ్ల పాటలు బాగుంటాయని తెలిసి, రికార్డరు భుజానికి తగిలించుకుని వెళ్లాను. పన్నెండు మంది మోకాలి లోతు బురదలో వంగి నాటుతున్నారు. వాళ్లకు పాట అందించేది నాగులమ్మ అనే ఆవిడ. గొంతు గరుకుగా ఉండేది. కానీ ఆ గొంతులో పాట మొదలయితే కాలవలో నీళ్లు కూడా మెల్లగా పారుతున్నట్టు అనిపించేది.

ఆ రోజు వాళ్లు పాడింది, నీళ్లకని బావికి పోయి తిరిగి రాని ఒక కోడలి పాట. అత్తో, పక్కింటావిడో, ఎవరో గట్టు మీద నిలబడి ఆమెను పిలుస్తుంటారు.

*బిందె గట్టు మీద, చెంబు మెట్టు మీద*
*నువ్వు యాడుండావే కోడలా*
*నీళ్లు పలకవాయె, నీడ పలకదాయె*
*బిడ్డ పాలకేడ్చె కోడలా*

పాట అయిపోయిందనుకుని మీట నొక్కబోతే నాగులమ్మ చెయ్యెత్తి ఆపింది. అందరూ మడిలోంచి బయటికొచ్చి, కాలవలో కాళ్లు కడుక్కుని, గట్టు మీద నిలబడ్డారు. ఇంకొక చరణం ఉందట. గట్టు చరణం అంటారట దాన్ని. ఎవరి గురించి పాట కట్టారో ఆ మనుషుల పేర్లు అందులోనే వస్తాయట. మడిలో పాడితే ఏమని అడిగాను.

"బురదలో నిలబడి ఆ మాట అనకూడదప్పా. మనం తినేది ఈడే కదా పండేది," అంది నాగులమ్మ.

ఒక్కసారి గట్టిగా ఊపిరి పీల్చి ఆ చరణం ఎత్తుకుంది. తక్కిన వాళ్లు గొంతు తగ్గించి అందుకున్నారు. నాకు టేపు అయిపోతుందన్న తొందర. ఇది ఎప్పటి పాట అని గానీ, ఎవరి పాట అని గానీ అడగలేదు. జానపదం అంటే పాతదేననీ, అందులో చచ్చినవాళ్లూ చంపినవాళ్లూ మా తాత పుట్టకముందే పోయి ఉంటారనీ నా నమ్మకం. చదువుకున్నవాడి నమ్మకం అది. ఈ పనిలోకి వచ్చేవాళ్లు ముందుగా వదిలించుకోవలసింది కూడా అదే.

నాలుగున్నర నిమిషాలు

మాకు జానపదానికి ఇచ్చే సమయం నాలుగున్నర నిమిషాలు. పాట అంతకంటే పొడుగుంది. కాళ్లు కడుక్కున్న చప్పుడు తీసేసి గట్టు చరణాన్ని పాటకు అతికించాను. అయినా అరనిమిషం ఎక్కువైంది. ఆ చరణాన్ని పదిసార్లు వెనక్కీ ముందుకీ తిప్పి విన్నాను. ఉంచిన దానికంటే కోసిన దాన్నే మనం ఎక్కువసార్లు వింటాం. అందుకే కోసినవి ఇప్పటికీ నాకు కంఠతా వచ్చు. చివరికి దాన్ని కోసేశాను. ఆ తొందరలో బ్లేడు నాగులమ్మ పీల్చిన ఊపిరి మీద పడింది. సగం ఊపిరి పాటకు అంటుకుని ఉండిపోయింది.

ప్రసారానికి ముందు రాఘవయ్య గారు విన్నారు. పాట ఇంకా అవ్వలేదే, ఆమె ఏదో అనబోతోంది కదా అన్నారు. అప్పటికే కోసిన ముక్క చెరిపేసి ఉంది. నేను తడుముకోకుండా అంతే సార్, పాట అక్కడికే అన్నాను. ఆయన నా ముఖం చూసి ఊరుకున్నారు. నా ఉద్యోగంలో నేను చెప్పిన అబద్ధాల్లో అది చాలా చిన్నదనుకున్నాను. పాట ప్రసారమైంది. మళ్లీ వెయ్యమని ఉత్తరాలు కూడా వచ్చాయి. తర్వాత మరచిపోయాను.

కొత్త గొంతులో

నేను రిటైరై చాలా ఏళ్లయింది. ఈ మధ్య తిరుపతి నుంచి చిత్తూరు బస్సులో పోతున్నాను. చంద్రగిరి దాటాక నా పక్క సీటు కుర్రాడి ఫోనులో ఒక పాట వచ్చింది. గిటారు, వయొలిన్, మధ్యలో ఒక ఆడపిల్ల గొంతు. బిందె గట్టు మీద, చెంబు మెట్టు మీద. నేను సీట్లో నిటారుగా అయిపోయాను. అన్నన్నా, ఇది మా నాగులమ్మ పాట కదా అని పైకే అన్నాను. నాకు అంతకంటే పెద్ద దెబ్బ చివరలో తగిలింది. పాట ముగిసే చోట ఆ అమ్మాయి చివరి మాట అని, ఒక సగం ఊపిరి పీల్చి, అక్కడే ఆపేసింది. నేను బ్లేడుతో తెగ్గొట్టిన ఊపిరి అది. చిన్న తేడా కూడా లేదు.

తిరుపతి కుర్రాళ్ల బృందం ఒకటి, ఎవరి ఇంట్లోనో రేడియోలోంచి ఎక్కించుకున్న పాత క్యాసెట్టు దొరికితే ఈ పాటను కొత్తగా చేశారట. క్యాసెట్టులో చివర శబ్దగ్రహణం అని నా పేరు వినపడిందని వెతుక్కుంటూ మా ఇంటికొచ్చారు. సన్మానం అన్నారు. ముసలితనంలో శాలువా అంటే ఎవరికి చేదు, వెళ్లాను. పాడే అమ్మాయి పేరు కీర్తన. వేదిక మీద ఆ సగం ఊపిరి దగ్గరికి వచ్చేసరికి హాలంతా బిగుసుకుపోయింది. తర్వాత ఒక్కసారిగా చప్పట్లు. ఆ ఊపిరి అక్కడ ఎందుకమ్మా అని అడిగాను. ఈ పాటకు ప్రాణం అదే సార్, దానికోసమే రెండు నెలలు సాధన చేశానంది. అందరూ దాని గురించే రాస్తున్నారట. ఆ పాటలో కోడలు దిగులుతో బావిలో దూకిందని వాళ్లు అర్థం చేసుకున్నారు. నేను అవునవునని తలూపాను. అది నా చేతి తప్పు అని చెప్పడానికి సిగ్గేసింది. శాలువా భుజాల మీద ఉంది మరి.

సరోజమ్మ

వారం రోజులకు ఒకావిడ మా ఇంటికొచ్చింది. యాభై దాటి ఉంటుంది. చేతిలో ఒక డబ్బా నెయ్యి. పలమనేరు దగ్గర ఆ పల్లె నుంచే వచ్చిందట, పేరు సరోజమ్మ. ఆవులున్నాయి, పాలు పోస్తుంది. సన్మానం వీడియోలో నా పేరు చూసి, ఇల్లు కనుక్కుని వచ్చింది. కూర్చోగానే అంది, ఆ పాట మా అమ్మ పాట సార్ అని.

నాకు అర్థం కాలేదు. ఆవిడే వివరంగా చెప్పింది. తనకు ఏడాది నిండకముందే తల్లి నీళ్లకు పోయి, బావి మెట్టు మీద కాలు జారి పడిపోయిందట. ఊరి ఆడవాళ్లు ఆమె మీద పాట కట్టుకున్నారట. తల్లి పేరు చెంగమ్మ.

ఆ పేరు నాకు తెలుసు. నేను కోసిన చరణంలో చెంగమ్మ ఉంది. అంటే అది తాతల కాలం నాటి పాట కాదు. నేను రికార్డు చేసేనాటికి ఈమె పదకొండేళ్లదో పన్నెండేళ్లదో అయి ఉంటుంది, ఆ ఊళ్లోనే ఎక్కడో తిరుగుతూ ఉండి ఉంటుంది.

ఆమె వచ్చిన పని వేరే. వాళ్ల నాయన మంచాన పడ్డాడు. మళ్లీ పెళ్లి చేసుకోకుండా ఈమెను ఎత్తుకుని పెంచాడట, ఎన్నడూ ఒక దెబ్బ కూడా వెయ్యలేదట. అల్లుడు పోయాక కూతురింటికే వచ్చి ఉన్నాడు. కొత్త పాటను ఆమె ఫోనులో పెట్టి వినిపించింది. అప్పటి నుంచి రోజూ దాన్నే పెట్టమంటాడు. విన్న ప్రతిసారీ, ఇది పూర్తి కాలేదు, ఇంకా కొంచెం ఉండాది అని అడుగుతాడు.

"ఆ మిగిలింది మీ కాడ ఉంటే ఇయ్యండి సార్. ఆయన పొయ్యేలోపల వినిపిస్తాను," అంది.

మీ నాయన పేరేంటమ్మా అని అడిగాను. మునసామి అంది.

నేను గ్లాసు మంచినీళ్లు తాగే నెపంతో లేచి లోపలికి పోయాను. చంపినవాడి పేరు నలభై ఏళ్లుగా నా నోట్లో ఉంది. వాడు బతికే ఉన్నాడు, వాడి కూతురు మా హాల్లో కూర్చుని నా భార్యకు నెయ్యి ఎలా కాచాలో చెబుతోంది. బయటికి వచ్చి, టేపు ఎప్పుడో చెరిపేశామమ్మా, మాటలు నాకు గుర్తు లేవు అన్నాను. మొదటిది నిజం. రెండోది అబద్ధం. ఆమె ముఖం చిన్నబోయింది. పోనీలే సార్ అని లేచింది.

మంచం దగ్గర

మూడో రోజు ఆమే ఫోను చేసింది. టేపు పోయిందని చెబితే నాయన అన్నం ముట్టడం లేదట. ఆ రేడియో ఆయన్ని పిలిపించమంటున్నాడట. వెళ్లనా వద్దా అని రెండు రోజులు తేల్చుకోలేకపోయాను. వెళ్లకపోతే ఆమెకు ఎప్పటికీ తెలియదు, సుఖంగా ఉంటుంది. వెళ్తే ఆమెకు ఉన్న ఒక్క తండ్రినీ నేను తీసేసినట్టు. చివరికి నేను పోయింది ధైర్యంతో కాదు. ఇంట్లో కూర్చోలేక పోయాను.

పొద్దున పదకొండుకు ఆ ఇంటికి చేరాను. వసారాలో నులకమంచం మీద ఎముకల గూడులా ఉన్నాడు మునసామి. కళ్లు మాత్రం తేటగా ఉన్నాయి. సరోజమ్మ నాకు కుర్చీ వేసి, మజ్జిగ ఇచ్చి, తను కింద కూర్చుంది. ముసలాయన ముందుగా ఆమెతో, పాట వస్తున్న ఫోను ఆపేయించాడు. తర్వాత నాతో మాట్లాడాడు, ఒక్కో మాటకూ ఆగి ఆగి.

ఆ పాట మొదట రేడియోలో వచ్చిన రోజు ఊరంతా టీ అంగడి కాడ చేరిందట. తనూ పోయి కూర్చున్నాడట. పోకపోతే అనుమానిస్తారని పోయాడు. నిజానికి వాళ్లకున్నది అనుమానం కాదనీ, అందరికీ తెలుసుననీ తనకు తెలుసు. గట్టు చరణం వస్తుంది, పేరు వస్తుంది, పట్నంలో పోలీసులు కూడా వింటారు, ఇక జైలుకు పొయ్యేదే అని కాచుకుని కూర్చున్నాడు. ఊపిరి వినపడింది. ఆ తర్వాత రేడియోలో ఇంకేదో మొదలైంది.

"ఆ పొద్దు బతికిపోయినాననుకున్నా. ఇంగ సూడు, ఇన్నేండ్లూ ఆ ఊపిరి కాడే ఉండాను," అన్నాడు.

సరోజమ్మ ఏం నాయనా ఏమంటాండావు అంది. ఆయన ఆమెను చూడలేదు. నన్నే చూశాడు.

"పాడినోళ్లంతా పోయినారు. మిగిలింది నువ్వూ నేనూ. నా బిడ్డ ముందర నా నోట్లో ఆ మాట రాలేదప్పా. పాటలో అయితే వాళ్లు చెప్పేసినారు కదా. నువ్వు చెప్పు."

నేను సరోజమ్మను చూశాను. ఆమెకు ఇంకా ఏమీ అర్థం కాలేదు. తల్లి పాటలో మిగిలిన ముక్క వినబోతున్నానని ఆశగా నా వైపే చూస్తోంది. నా జీవితమంతా ఇతరుల గొంతులు ఎత్తుకోవడమే తప్ప నేను గొంతెత్తింది లేదు. పాడలేదు. వట్టి మాటలుగా చెప్పాను.

*కాలు జారలేదు, కన్ను చెదరలేదు*
*చెంగమ్మను తోసింది ఎవురే కోడలా*
*తాళి గట్టిన చెయ్యే తలను పట్టి ముంచె*
*మునసామి చెయ్యే కోడలా*

మునసామి అన్న మాట దగ్గర ఆమె, ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు, అలవాటుగా తండ్రి వైపు తిరిగింది. తర్వాత ఆమె ముఖంలో జరిగింది చూడలేక నేను తల దించుకున్నాను. పెరట్లో ఆవు అరుస్తూనే ఉంది.

ఎందుకు నాయనా అని ఆమె అడగలేదు. ఆయనే చెప్పాడు.

"దేనికో కోపమొచ్చింది బిడ్డా. దేనికొచ్చిందో ఎంత ఆలోచన చేసినా గెవనానికి రాలేదు."

హత్య కంటే నన్ను ఎక్కువ భయపెట్టింది ఆ మాట. ఒక మనిషి ప్రాణం తీసిన కోపానికి కారణం, చంపినవాడికే గుర్తు లేదు. చెంగమ్మ అయితే గుర్తుంచుకోవడానికి కూడా మిగలలేదు.

సరోజమ్మ లేచి లోపలికి పోయింది. ఏడుపు వినపడుతుందేమోనని చూశాను. గిన్నె చప్పుడు వినపడింది. సంగటి కలిపి పట్టుకొచ్చి, ఆయన తల వెనక చెయ్యి పెట్టి లేపి, ముద్ద నోట్లో పెట్టింది. ఆయన తిన్నాడు. ముద్దలన్నీ అయ్యాక మూతి తుడిచి, నా వైపు తిరిగి, ఆ పాడే అమ్మాయికి ఈ చరణం కూడా ఇవ్వమంది. మా అమ్మ పేరూ ఉండాల, ఆయన పేరూ ఉండాల, ఏదీ తియ్యొద్దని చెప్పండి సార్ అంది. ముసలాయన కళ్లు మూసుకుని తల ఆడించాడు.

బస్సు ఆగే చోటి దాకా నాతో నడిచి వచ్చింది. రోడ్డు పక్కన టమాటా తోటలు. చాలా దూరం నడిచాం. తర్వాత తనలో తాను చెప్పుకుంటున్నట్టు మాట్లాడింది. చిన్నప్పుడు నాట్లకు పోయిన ఆడవాళ్లకు పొద్దెక్కాక సంగటి గంప తనే ఎత్తుకుపోయేదట. తను వచ్చేసరికి వాళ్లు గట్టెక్కి ఉండేవాళ్లట. తను కనపడగానే పాట ఆపేసేవాళ్లట. ప్రతిసారీ. నాగులమ్మ దగ్గరికి పిలిచి తల నిమిరి ఏదో ఒకటి తినిపించేదట గానీ పాట మాత్రం నేర్పలేదట. నేనంటే వాళ్లకు సరిపోదేమో, అందుకే నా ముందు పాడరేమో అనుకునేదాన్ని సార్ అంది. పెళ్లయి ఇంత వయసొచ్చినా ఆ బాధ అట్లాగే ఉండిపోయిందంది.

బస్సు వస్తోంది. ఆమె చెయ్యి ఎత్తి దాన్ని ఆపింది. నేను మెట్టు మీద కాలు పెట్టాక, మెల్లగా అడిగింది.

"వాళ్లు నా కోసం ఆపినారు. మీరు ఎవురి కోసం ఆపినారు సార్?"

ఆ గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. అరనిమిషం ఎక్కువైంది కాబట్టి అన్న జవాబు నా దగ్గర ఉంది. అదొక్కటే ఉంది. కండక్టరు లోపలికి రమ్మని అరుస్తున్నాడు. ఆమె ఇంకా నా ముఖంలోకే చూస్తూ ఉండగా, ఆ మాట చెప్పలేక లోపలికి పోయి కూర్చున్నాను.